పిల్లల ఫోన్ వాడకం: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బంధువుల ఫోన్లు, అపార్ట్‌మెంట్‌లో వాళ్ల ఫోన్లు సెట్ చేసిపెట్టే పని ఎలాగో నా నెత్తిన పడింది. అడిగేవాళ్లు మారుతుంటారు గానీ ప్రశ్నలు పెద్దగా మారవు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మొదటిది మాత్రం అందరూ చదవండి.

మావాడికి సొంత ఫోన్ లేదు. నాదే కాసేపు చూస్తాడు. మాకు ఈ గొడవంతా అవసరమా?

మీకే ఎక్కువ అవసరం. మన ఇళ్లలో ఎక్కువమంది పిల్లలు వాడేది అమ్మ ఫోనో నాన్న ఫోనో. "వాడికి ఫోన్ కొనివ్వలేదు" అని మనం ధైర్యంగా ఉంటాం. కానీ ఆ ఫోన్‌లో ఉన్నది మీ అకౌంట్. గూగుల్ లెక్కలో దాన్ని పట్టుకున్నది నలభై ఏళ్ల మనిషి, ఏడేళ్ల పిల్లాడు కాదు. రాత్రి మీరు పడుకునే ముందు క్రైమ్ వీడియోలు చూస్తే, పొద్దున పాలు తాగుతూ వాడు యూట్యూబ్ తెరవగానే అలాంటివే వరసగా వస్తాయి. బ్యాంక్ యాప్, ఫోన్‌పే, ఆఫీసు మెయిల్, బంధువుల గ్రూపుల్లో తిరిగే నానారకాల ఫార్వర్డ్‌లు కూడా అందులోనే ఉంటాయి.

ఇంకో సంగతి. తల్లిదండ్రుల కోసం కంపెనీలు పెట్టిన కట్టడులు దాదాపు అన్నీ పిల్లల వయసుతో తెరిచిన అకౌంట్ మీదే పనిచేస్తాయి. మీ అకౌంట్ మీద వాటికి పట్టు ఉండదు.

అందుకని నేను చెప్పే మొదటి పని ఇది. చాలా ఇళ్లలో ఏ డ్రాయర్‌లోనో ఒక పాత ఫోన్ పడి ఉంటుంది. అంచున గాజు పగిలినా పర్వాలేదు. ముందు అందులోంచి మీ గూగుల్ అకౌంట్ తీసేయండి. లేకపోతే రీసెట్ అయ్యాక పాత పాస్‌వర్డ్ అడిగి కూర్చుంటుంది. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ (అన్నీ తుడిచి కొత్త ఫోన్‌లా చేసేది) కొట్టి, సిమ్ లేకుండా, వైఫై మీద పిల్లల అకౌంట్‌తో తెరవండి. అది ఇంటి ఫోన్. హాల్లో ఉంటుంది, ఛార్జింగ్ కూడా హాల్లోనే.

పాత ఫోన్ లేకపోతే, మీ ఫోన్ ఇచ్చే ముందు తెరను ఒకే యాప్‌కి కట్టేయండి. ఆండ్రాయిడ్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ ఉంటుంది. బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో దీని పేరు గైడెడ్ యాక్సెస్. పక్క బటన్ మూడుసార్లు నొక్కితే మొదలవుతుంది. అప్పుడు వాడు పాటలు చూస్తూ చూస్తూ మీ మేనేజర్‌కి ఫోన్ కలిపేయడు.

ఫ్యామిలీ లింక్ అంటున్నారు. అదేంటి, ఎలా పెట్టాలి?

గూగుల్ ఉచితంగా ఇచ్చే యాప్. ముందు మీ ఫోన్‌లో వేసుకోండి (మీది ఐఫోనైనా ఫర్వాలేదు). అందులోంచే పిల్లల పేరుతో, అసలు పుట్టిన తేదీతో ఒక గూగుల్ అకౌంట్ తెరవండి. ఆ అకౌంట్‌తో పిల్లల ఫోన్‌లో లాగిన్ అవ్వండి. మధ్యలో మీ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఒప్పుకుంటున్నారా అని పేజీల మీద పేజీలు చూపిస్తుంది. ఓపిగ్గా ఒక పావుగంట కూర్చుంటే అయిపోతుంది. మరీ పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం పనిచేయదు.

పెట్టాక నాలుగు పనులు చేయండి. రోజుకు ఎంతసేపో పెట్టండి. రాత్రి ఎన్నింటికి ఫోన్ తాళం పడాలో పెట్టండి. కొత్త యాప్ ఏది దించుకున్నా మీ అనుమతి అడిగేలా పెట్టండి. గూగుల్ సెర్చ్‌లో సేఫ్‌సెర్చ్ (అశ్లీల ఫలితాలు దాచేది) వేసి ఉందో లేదో చూడండి. పర్యవేక్షణలో ఉన్న అకౌంట్‌కి క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో (చూసిన సైట్ల జాబితా మిగలని కిటికీ) ఉండదు, అదొక లాభం.

అందులో మిగతా మీటలు చాలా ఉంటాయి. అన్నీ మొదటి రోజే నొక్కితే పిల్లాడు గంటకోసారి మీ దగ్గరికొచ్చి నిలబడతాడు, మీరు విసిగిపోయి వారంలో మొత్తం తీసేస్తారు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువగా జరిగేది అదే.

అకౌంట్ తెరిచేటప్పుడు గొడవెందుకని పుట్టిన సంవత్సరం 1995 అని కొట్టేశాం.

చాలామంది చేసే పనే. గూగుల్ అకౌంట్‌లో వ్యక్తిగత వివరాల దగ్గర పుట్టిన తేదీ సరిచేయొచ్చు. పదమూడేళ్లలోపు అని తేలగానే తల్లిదండ్రుల అకౌంట్ జతచేయమంటుంది, చేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా అసలు వయసే ఉండాలి. అబద్ధపు వయసు ఉన్నన్నాళ్లూ కింద చెప్పబోయే కట్టడులేవీ ఆ అకౌంట్‌కి తగలవు.

మాది ఐఫోన్.

ఫ్యామిలీ లింక్ బదులు సెట్టింగ్స్‌లో ఉండే స్క్రీన్ టైమ్ వాడండి. ఫ్యామిలీ షేరింగ్‌లో పిల్లల్ని చేర్చుకుంటే మీ ఫోన్ నుంచే నడపొచ్చు. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ మాత్రం ఫోన్ తెరిచే పాస్‌కోడ్ కాకుండా వేరేది పెట్టండి. ఇంటి నంబరు, బండి నంబరు వద్దు.

రోజుకు ఎంతసేపు చూడనివ్వొచ్చు?

భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పిన లెక్క ఇది. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు, దూరాన ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ లాంటివి తప్ప. రెండు నుంచి ఐదేళ్ల వరకు గంట మించకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కనుండగా. ఐదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల లోపు. పదేళ్లు దాటాక గంటల లెక్క కన్నా నిద్ర, ఆట, చదువు, ఇంట్లోవాళ్లతో మాటామంతీ దెబ్బతినకుండా చూసుకోమంటారు.

నా మటుకు నేను గంటల కన్నా వేళలే పట్టించుకోమంటాను. సాయంత్రం ఆరింటికి హాల్లో గంటన్నర చూడటం, రాత్రి పదకొండింటికి దుప్పటి కింద నలభై నిమిషాలు చూడటం ఒకటి కాదు. ఒకే ఒక్క నియమం పెట్టగలిగే ఓపిక ఉంటే "పడగ్గదిలోకి ఫోన్ రాదు" అన్నది పెట్టండి. అలారం కోసం కావాలంటారు. రెండొందలు పెట్టి ఒక గడియారం కొనివ్వండి.

ఫోన్ పెట్టకపోతే అన్నం ముద్ద మింగదు. మూడేళ్లు.

ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజులు ఇల్లు దద్దరిల్లుతుంది, తర్వాత తగ్గుతుంది. అంత ఓపిక లేకపోతే ముందు ఫోన్ తీసేసి టీవీలో పాట పెట్టండి, తర్వాత బొమ్మ లేకుండా పాట మాత్రమే వినిపించండి, ఆ తర్వాత అదీ మానేయండి. అమ్మ తగ్గిస్తుంటే నానమ్మ చాటుగా ఇస్తే మాత్రం ఏ పద్ధతీ పనిచేయదు. కాబట్టి ముందు మాట్లాడాల్సింది పాపతో కాదు, అత్తగారితో.

యూట్యూబ్ కిడ్స్ పెట్టాం. "ఇది చిన్నపిల్లల యాప్" అని తొమ్మిదేళ్ల పాప చూడనంటోంది.

పాప అన్నది నిజమే. యూట్యూబ్ కిడ్స్‌లో వయసును బట్టి మూడు స్థాయులున్నాయి. పెద్ద స్థాయి తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకి, ముందు అది మార్చి చూడండి. ఇంకా కుదరకపోతే మామూలు యూట్యూబ్‌నే పర్యవేక్షణతో ఇవ్వొచ్చు. ఫ్యామిలీ లింక్ నుంచే పెట్టొచ్చు. అందులో తొమ్మిదేళ్ల నుంచి ఒక మెట్టు, పదమూడేళ్ల నుంచి ఒక మెట్టు ఉంటాయి.

ఐదేళ్లలోపు పిల్లలకైతే యూట్యూబ్ కిడ్స్‌లోనే మీరు ఎంచిన ఛానెళ్లు తప్ప ఇంకేవీ కనబడకుండా పెట్టే పద్ధతి ఉంది. ఒక ఆదివారం కూర్చుని పది ఛానెళ్లు ఎంచితే చాలు. ఆటోప్లే తీసేయడం మరిచిపోకండి. ఒకటి అయిపోయాక రెండోది దానంతటదే మొదలవకపోతే, "చాలు, ఇటివ్వు" అనడానికి మీకు ఒక సందు దొరుకుతుంది.

టీవీలో చూస్తే పర్వాలేదు కదా?

ఫోన్ కన్నా నయం. తెర పెద్దది, అందరికీ కనిపిస్తుంది. కానీ స్మార్ట్ టీవీలో ఉన్నదీ మీ అకౌంటే. పిల్లల ప్రొఫైల్ వేరేగా పెట్టి, మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టండి. ఓటీటీల్లో ప్రతి సినిమా మీదా యూ, యూఏ 7+, 13+, 16+, ఏ అని వయసు వేయాలన్న నియమం 2021లోనే వచ్చింది. అది చూసే అలవాటు మనకే లేదు.

హోంవర్క్ అంతా స్కూల్ వాట్సాప్ గ్రూపులో వస్తుంది. ఫోన్ ఇవ్వక తప్పడం లేదు.

2020లో లాక్‌డౌన్ క్లాసులతో వచ్చిన అలవాటు స్కూళ్లు తెరిచాక కూడా పోలేదు. పిల్లాడు హోంవర్క్ చూస్తానని ఫోన్ తీసుకుంటాడు. గ్రూపులో ఒక ఫోటో ఉంటుంది. దాన్ని చూడటానికి ఒక నిమిషం, పక్కనే ఉన్న స్టేటస్‌లు, రీల్స్ చూడటానికి ముప్పావు గంట. "ఏం చేస్తున్నావురా?" అంటే "హోంవర్క్" అంటాడు. అబద్ధమని కొట్టిపారేయలేం.

గ్రూపు తెరవడం మీ పని చేసుకోండి. ఆ ఫోటో వచ్చాక ఏంచేయాలో వాడి డైరీలో వాడి చేతనే రాయించి, ఫోన్ పక్కన పెట్టేయండి. ల్యాప్‌టాప్ ఉంటే వాట్సాప్ వెబ్‌లో తెరిచి చూపించొచ్చు. పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురు తల్లిదండ్రులు కలిసి "హోంవర్క్ డైరీలో రాయించండి" అని అడిగితే చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి. ఒక్కరే అడిగితే నవ్వి ఊరుకుంటారు.

వైఫై దగ్గరే చెత్త సైట్లు ఆపేయొచ్చా?

కొంతవరకు. బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరిచి (జియో ఫైబర్‌కి సాధారణంగా 192.168.29.1, చాలా రౌటర్లకి 192.168.1.1) డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి దాని అడ్రసు వెతికే సేవ) దగ్గర 1.1.1.3, 1.0.0.3 అని కొట్టండి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ 2020లో కుటుంబాల కోసం ఇచ్చిన ఉచిత సేవ. అశ్లీల సైట్లలో ఎక్కువ భాగం తెరుచుకోవు. ఆ రెండు అంకెలూ మార్చడం అర్థం కాకపోతే కేబుల్ అబ్బాయిని అడగండి. మొబైల్ డేటా ఆన్ చేస్తే మాత్రం ఇదంతా దండగ. పిల్లల ఫోన్‌లో సిమ్ వద్దనేది అందుకే.

వాడికి తెలియకుండా మొత్తం చూసే యాప్‌లు ఉన్నాయట. వేయమంటారా?

వద్దు. మార్కెట్‌లో దొరికే రహస్య నిఘా యాప్‌లలో చాలావరకు మీ పిల్లల మెసేజ్‌లు, ఫోటోలు, వాళ్లెక్కడున్నదీ ఎవరి సర్వర్‌కో పంపిస్తాయి. ఎవరి నుంచి కాపాడాలనుకుంటున్నారో వాళ్లకే తలుపు తీసినట్టవుతుంది. రెండోది, పద్నాలుగేళ్ల పిల్లకి ఏదో రోజు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏం జరిగినా మీకు చెప్పదు. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు మనకున్న ఒకే ఒక్క ఆధారం ఆ పిల్ల వచ్చి మనతో చెప్పడం.

చూడాలంటే చెప్పి చూడండి. "నీ ఫోన్ నేను ఆదివారం చూస్తాను, నువ్వు పక్కన కూర్చో" అనండి. చిన్నప్పటి నుంచి అలవాటైతే పెద్ద పట్టింపు ఉండదు. పదిహేనేళ్లకి మొదలుపెడితే గొడవే. అప్పుడు మెసేజ్‌లు చదవడం మాని, ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో ఆ లెక్క చూసి మాట్లాడటం మేలు.

ఇన్‌స్టాగ్రామ్ కావాలని ఒకటే పోరు. పన్నెండు నిండాయి.

పదమూడు నిండేదాకా కంపెనీయే ఒప్పుకోదు, కాబట్టి ఈ ఏడాదికి తప్పు వాళ్ల మీద నెట్టేయండి. నిండాక ఇస్తే అసలు వయసుతో ఇవ్వండి. మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి టీన్ అకౌంట్లు వచ్చాయి. ఆ అకౌంట్ మొదటి నుంచీ ప్రైవేట్‌గా ఉంటుంది. తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు రావు. పదహారేళ్లలోపు పిల్లలు ఈ కట్టడులు సడలించాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి.

ఇంకో చిన్న మాట. చాలామంది పిల్లలకి రెండు అకౌంట్లుంటాయి, ఒకటి బంధువులకి, ఒకటి ఫ్రెండ్స్‌కి. మీరు ఫాలో అవుతున్నది మొదటిది.

వాట్సాప్‌లో కూడా ప్రైవసీలో గ్రూప్స్ దగ్గర "మై కాంటాక్ట్స్" అని మార్చండి. ముక్కూమొహం తెలియనివాళ్లు గ్రూపుల్లోకి లాగకుండా ఉంటారు.

ఆటలో డబ్బులు పోయాయి. నా అకౌంట్‌లోంచే కట్టాడు. పిన్ ఎలా తెలిసింది?

మీరే చెప్పి ఉంటారు. లేదా తాతగారు. ఊళ్లో కిరాణా కొట్టు దగ్గర కళ్లజోడు తేలేదని మనవడి చేత ఫోన్‌పే చేయించే పెద్దవాళ్లు బోలెడుమంది. వాడికి పిన్ నోటికొచ్చు. ముందు పిన్ మార్చండి. యూపీఐ లైట్ పెట్టుకుని ఉంటే, వెయ్యి రూపాయల లోపు చెల్లింపుకి పిన్నే అడగదు. పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో దాన్ని తీసేయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా పెట్టండి. ఫ్యామిలీ లింక్ అనుమతి ప్లే స్టోర్ ద్వారా జరిగే చెల్లింపులకే వర్తిస్తుంది. బయటి సైట్‌లో డైమండ్లు, యూసీలు (ఆటల్లో చెల్లే డబ్బు) కొంటే దానికి తెలియదు. డబ్బు పోయింది ప్లే స్టోర్ ద్వారానే అయితే ఆలస్యం చేయకుండా రిఫండ్‌కి అప్పుడే పెట్టండి.

పందెం ఆటలు వేరే సంగతి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ఎవరో పంపిన లింక్‌తో ప్లే స్టోర్‌లో లేని యాప్ ఫోన్‌లో కనిపిస్తే, అది పిల్లాడి ఫోన్‌లోనైనా బాబాయి ఫోన్‌లోనైనా వెంటనే తీయించండి.

ఏ తాళం వేసినా తెంచేస్తున్నాడు.

ముందు ఎలా తెంచాడో చూడండి, కాస్త మెచ్చుకోండి కూడా. సాధారణంగా దారులు ఇవే. మీరు పిన్ కొడుతుంటే వెనక నుంచి చూడటం. ఫోన్‌లో రెండో స్పేస్ (అదే ఫోన్‌లో ఇంకో ఫోన్ లాంటిది), డ్యుయల్ యాప్స్ (ఒకే యాప్‌కి రెండో కాపీ) తెరవడం. పైకి క్యాలిక్యులేటర్‌లా కనిపించి లోపల ఫోటోలు దాచే యాప్ వేసుకోవడం (ఒకే ఫోన్‌లో రెండు క్యాలిక్యులేటర్లుంటే అనుమానించండి). వీపీఎన్ (కట్టడులను తప్పించుకుని వేరే దారిలో నెట్ తెరిచే యాప్). అన్నిటికన్నా సులువైంది పక్క ఫ్లాట్‌లో ఫ్రెండ్ ఫోన్. దీనికి తాళం లేదు. ఆ ఫ్రెండ్ అమ్మగారి నంబరు మీ దగ్గర ఉండాలి.

హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. దసరా సెలవులకి వచ్చిందంటే ఫోన్ వదలదు.

రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున ఐదింటి నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారానికోసారి వార్డెన్ ఫోన్‌లో ఇంటికి ఐదు నిమిషాల మాట. అలాంటి చోటునుంచి వచ్చిన పిల్ల మొదటి రెండు రోజులు ఫోన్‌లో మునిగిపోవడంలో వింతేం లేదు. చూడనివ్వండి. మూడో రోజు నుంచి వేళలు పెట్టండి, బయటికి తీసుకెళ్లండి.

నా బెంగ సెలవుల గురించి కాదు. రెండేళ్లు ఫోన్ ముట్టని పిల్లల చేతికి ఎప్‌సెట్ (పాత ఎంసెట్) అయిపోగానే పాతిక వేల ఫోన్ పెట్టి, వేరే ఊళ్లో బీటెక్‌కి పంపేస్తాం. మధ్యలో నేర్చుకునే వ్యవధే లేదు. లోన్ యాప్‌లు, ఇన్‌స్టాలో ప్రేమగా మాట్లాడే కొత్తవాళ్లు, పార్ట్‌టైమ్ ఉద్యోగం పేరుతో టెలిగ్రామ్ మోసాలు మొదటి ఏడాదిలోనే ఎదురవుతాయి. ఆ వేసవి రెండు నెలల్లో ఇవన్నీ పేరుపేరునా చెప్పి పంపండి.

ఎవరో ఫోటోలు తీసుకుని బెదిరిస్తున్నారని అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. ఏం చేయాలి?

మొదట మీ నోట రావాల్సిన మాట "చెప్పి మంచి పని చేశావు". "నీకు ఫోన్ ఎందుకిచ్చానురా దేవుడా" అన్న మాట ఆ తర్వాత కూడా రాకూడదు. బెదిరించేవాళ్లు బతికేదే "మీ ఇంట్లో చెప్తా" అన్న ఒక్క మాట మీద. మీకు తెలిసిపోయిందంటే వాళ్ల బలం సగం పోయినట్టే. అబ్బాయిలకీ ఇది జరుగుతోంది, వాళ్లు ఇంకా తక్కువ చెప్తారు.

డబ్బు కట్టకండి. ఒకసారి కడితే మళ్లీ అడుగుతారు. చాట్ తుడిచేయకండి. వాళ్ల ప్రొఫైల్ పేరు, నంబరు, యూపీఐ ఐడీ, తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. డబ్బు పోయి ఉంటే 1930. కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఇలాంటి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఫోటో బయటికొస్తుందని భయం ఉంటే టేక్ ఇట్ డౌన్ అని పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల కోసం ఒక ఉచిత సేవ ఉంది. ఫోటో పంపనక్కర్లేదు. మీ ఫోన్‌లోనే దాని డిజిటల్ గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే కంపెనీలకు వెళ్తుంది.

పోలీస్ స్టేషన్ అనగానే పరువు గుర్తొస్తుంది. పిల్లలపై లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం ఈ విషయంలో తల్లిదండ్రులు అనుకునేదాని కన్నా మెరుగ్గా ఉంది. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. బిడ్డ పేరు, ఫోటో, ఇల్లు, బడి వివరాలు మీడియాలో రాకూడదు. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు ఇవి తెలిసి వెళ్లండి, అడిగి చేయించుకోండి.

చాట్‌జీపీటీతోనే హోంవర్క్ మొత్తం చేయించేస్తున్నాడు.

చాట్‌జీపీటీకి పదమూడేళ్లు నిండాలి, పద్దెనిమిది లోపు తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి. 2025 సెప్టెంబరు నుంచి మీ అకౌంట్‌ని పిల్లల అకౌంట్‌తో జతచేసి, ఏ వేళల్లో పనిచేయకూడదో పెట్టొచ్చు. వాళ్ల సంభాషణలు మాత్రం మీకు కనిపించవు. హోంవర్క్ సంగతి తేల్చుకోవడం సులువు. రాసింది పక్కన పెట్టి "ఇందులో ఏముందో నాకు చెప్పు" అనండి. నాకు దానికన్నా, రాత్రిళ్లు బాధలు కూడా దానితోనే చెప్పుకునే పిల్లల గురించే ఎక్కువ టెన్షన్.

ఫోన్ లాక్కుంటే వస్తువులు విసురుతున్నాడు. రెండు రోజులు అన్నం తినలేదు.

ఒకసారి అలిగితే అలక. నిద్ర, చదువు, తిండి, స్నేహాలు వారాల తరబడి దెబ్బతింటుంటే డాక్టర్‌కి చూపించాల్సిన విషయం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లాడు "చచ్చిపోతా" అన్న మాట అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. ఆ పూట ఒంటరిగా వదలకండి, అదే రోజు ఫోన్ చేయండి.

లాక్కోవడం కన్నా తాళం దానంతటదే పడేలా పెట్టుకోవడం నయం. తొమ్మిదింటికి ఫోన్ ఆగిపోతే కోపం ఫోన్ మీద, మీ మీద కాదు.

నాన్నే పొద్దస్తమానం రీల్స్ చూస్తాడు. పిల్లలకి ఏం చెప్పను?

ఆయన ఫోన్ కూడా రాత్రి హాల్లోనే ఛార్జింగ్ పెట్టించండి. ఒప్పుకోకపోతే ఈ పేజీ పంపించండి.

ఊరెళ్లాం, నెట్ లేదు. పాప ఫోన్ తాళం పడి తెరుచుకోవడం లేదు.

మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్‌లోకి వెళ్లి పేరెంట్ యాక్సెస్ కోడ్ చూడండి. ఆ అంకెలు పాప ఫోన్‌లో కొడితే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. కోడ్ ఎప్పటికప్పుడు మారుతుంటుంది, కాబట్టి పాప చూసినా ఇబ్బంది లేదు.